నీటిమట్టం ముప్పాతిక

క్షీరసాగర రెసిడెన్సీకి ఆ పేరు పెట్టినవాడు బిల్డరు. నీళ్ళ సంగతి ఎవరూ అడగకుండా ఉండేందుకే అంత పెద్ద పేరు పెట్టాడని వకుళ అనుమానం. అక్కడి నీళ్ళ ఏర్పాటు సులువైనదే. మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చి కింద సంపులో చేరతాయి. మోటారు వాటిని డాబా మీది ట్యాంకులోకి ఎక్కిస్తుంది. మోటారు వెయ్యడం, ట్యాంకు నిండగానే ఆపడం వాచ్‌మన్ పని. ఆ వేసవిలో వాచ్‌మన్‌కి గ్యాస్ ఏజెన్సీలో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. కొత్తవాడు కుదిరేదాకా ఫ్లాట్ల వాళ్ళే వంతులవారీగా మోటారు వేసుకోవాలని అసోసియేషన్ నిర్ణయించింది.

వంతు వచ్చినవాళ్ళందరూ మోటారు వెయ్యడం గుర్తుపెట్టుకున్నారు. ఆపడం మాత్రం ఎవరికీ గుర్తుండలేదు. ట్యాంకు పొంగి, నీళ్ళు డాబా మీదినుంచి గొట్టంలోకి దిగి, పక్క అపార్ట్‌మెంటు వాళ్ళ వరండా మీద పడేవి. ఒకరోజు ఆ ఇంటావిడ నానిపోయిన మినప వడియాల పళ్ళెం తెచ్చి, అసోసియేషన్ గదిలో బల్లమీద పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే సర్దుకుపోయేవాళ్ళు. తిట్టలేదు కాబట్టి అత్యవసర సమావేశం పెట్టారు.

ప్రెసిడెంటు పరాంకుశం గారు సహకార శాఖలో ఆడిట్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన సంగతి ఆయనకి ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయనట్టు మాట్లాడతారు.

"సభ్యులలో సామర్థ్య లోపం కనబడుతోంది. పైలట్లకి నిజం విమానం అప్పగించే ముందు ఉత్తుత్తి విమానం మీద తర్ఫీదు ఇస్తారు. అదే ప్రాతిపదికన మనం ఉత్తుత్తి ట్యాంకు ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది" అన్నారాయన. ఈమధ్యే ఏదో సెమినారుకి వెళ్ళి, ఈ కాలంలో ఏ పాఠమైనా ఆట రూపంలో చెబితేనే ఎక్కుతుందని విని వచ్చారు. అప్పట్నించీ మెట్ల మీద ఎవరు ఎదురైనా అదే చెబుతున్నారు.

"ఆట ఎవరు తయారుచేస్తారండీ?" అని ట్రెజరర్ విక్టర్ గారు అడిగారు.

అందరూ వకుళ వైపు చూశారు. వకుళ జాయింట్ సెక్రటరీ. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి ఇరవయ్యేళ్ళు దాటింది. ఈ ఇరవయ్యేళ్ళలో ఆమె చదువు వంటింటి డబ్బాలను అక్షరక్రమంలో పేర్చడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. అందుకని "చూస్తానండీ" అని మొహమాటంగా అంది కానీ, ఇంటికి వెళ్ళేటప్పుడు లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కేసింది.

అసోసియేషన్ గదిలో ఉన్న కంప్యూటరు, విక్టర్ గారి బ్యాంకు పాత సామాను కింద వదిలించుకున్నది. బొమ్మలు చూపించమంటే మూలుగుతుంది. నల్లటి తెరమీద ఆకుపచ్చ అక్షరాలు మాత్రం చక్కగా చూపిస్తుంది. కాబట్టి వకుళ అక్షరాలతోనే ఆట కట్టింది. నిలువు గీతలు ట్యాంకు గోడలు, నక్షత్రపు గుర్తులు నీళ్ళు. ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది, సున్నా నొక్కితే ఆగుతుంది.

"ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళు పట్టిందేం?" అని ఎదురు ఫ్లాటు ఇందుమతి అడిగింది.

"కష్టమంతా లూపులో ఉంది ఇందూ. నువ్వు పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్లో మాట్లాడుతుంటావా? మధ్యమధ్య పాలవైపు చూస్తావు, సెగ తగ్గిస్తావు, మళ్ళీ మాట్లాడతావు. ఇదీ అంతే. ఎవరైనా ఏదైనా నొక్కారా అని చూస్తుంది. నొక్కినా నొక్కకపోయినా నీళ్ళు ఎంత పెరిగాయో లెక్కేస్తుంది. తెరమీద చూపిస్తుంది. మళ్ళీ మొదటికి వస్తుంది."

"నేను చూసేసరికి పాలు పొంగిపోయి ఉంటాయిగా."

"అప్పుడు ఆట ఓడిపోయినట్టు."

ఇందుమతికి వెంటనే అర్థమైంది. ఎవరి కోసమూ ఆగకపోవడమే ఆ లూపులో గొప్పతనం. మనిషి ఆలోచిస్తూ కూర్చున్నా నీళ్ళు ఎక్కుతూనే ఉంటాయి. పై అంతస్తులో వాషింగ్ మెషీన్ వేసినప్పుడల్లా కాస్త తగ్గేటట్టు కూడా వకుళ పెట్టింది. ఆ సంగతి ఎవరూ గమనించరని తెలిసే పెట్టింది. కూరలో ఇంగువ ఎవరు వేశారని అడుగుతారా ఎవరైనా?

మొదటి ఆట ప్రెసిడెంటు గారిది. ఆయన కుర్చీ సర్దుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తెరమీది సూచనలు మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. తలెత్తేసరికి తెరమీద ఇలా ఉంది: ట్యాంకు పొంగింది. పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు పైకి వస్తున్నారు.

"ఇదేమిటమ్మా? నేనింకా నిర్ణయమే తీసుకోలేదు."

"నీళ్ళు ఆగవు కదండీ."

"సభ్యుడి ఆదేశం పరిశీలనలో ఉండగా నీళ్ళు వాటంతటవి ముందుకు సాగిపోవడం పద్ధతి కాదు. అది ఒక విధంగా ధిక్కారం కిందికి వస్తుంది. తగు సవరణ చేయవలసింది."

వకుళ అప్పుడే కాదనవలసింది. కానీ సవరణ ఎలా చెయ్యాలో చటుక్కున తట్టింది. తట్టినదాన్ని చెయ్యకుండా ఉండడం ఆమె వల్ల కాదు. ఎవరో ఒకరు నొక్కేదాకా లూపు కదలకుండా కూర్చునేటట్టు మార్చింది. ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకోవచ్చు. కాఫీ తాగి రావచ్చు. పెళ్ళికి వెళ్ళి రావచ్చు. నీళ్ళు అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉంటాయి. అందరూ గెలిచారు.

"అచ్చం మనింట్లో నువ్వున్నట్టే ఉంది" అన్నాడు వాళ్ళాయన, పేపరు చదువుకుంటూ. "అడిగేదాకా ఏమీ చెప్పవు. అడిగితే అన్నీ కలిపి చెబుతావు." ఆ మాటలో ప్రశంస ఎంత, వేరేది ఎంత అని వకుళ కాసేపు తూచి, ప్రశంస వైపే వేసుకుంది.

తర్వాత విక్టర్ గారి మోచెయ్యి తగిలి ఒకటి నొక్కుకుపోయింది. దాన్ని ప్రెసిడెంటు గారు 'అనధికార నొక్కుడు' అన్నారు. ఇకమీదట ఏ నొక్కుడికైనా ప్రతిపాదించేవారొకరు, బలపరిచేవారొకరు ఉండాలన్నారు. వకుళ నొక్కినవాటన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి, బలపరిచినవాటిని మాత్రమే లోపలికి పంపే ఏర్పాటు చేసింది. "మీ ఆదేశం అందింది. ఆమోదం కోసం వేచి ఉండండి" అనే వాక్యం రాసి, 'దయచేసి' అని చేర్చాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించింది. ఆ పూట పప్పు మాడింది.

ఆ తర్వాత ప్రెసిడెంటు గారి దృష్టి నీళ్ళ మీద పడింది.

"నీటిమట్టం మారడమంటే అసోసియేషన్ ఆస్తి స్థితి మారడమే. కార్యవర్గంలో కనీసం అయిదుగురి సమ్మతి లేకుండా అది మారడం ఆడిట్ అభ్యంతరానికి దారితీస్తుంది."

కార్యవర్గం ఉన్నదే అయిదుగురు. ప్రెసిడెంటు, విక్టర్ గారు, వకుళ, ఇందుమతి, రెండో అంతస్తు రామకోటి గారు. వకుళ అయిదుగురికీ తలా ఒక రహస్య సంఖ్య ఇచ్చింది. అయిదూ పడితేనే నీళ్ళు కదులుతాయి.

మిగిలింది చూపించడం. దానిక్కూడా ఆయన దగ్గర సిద్ధాంతం ఉంది. ఏ సమావేశంలో జరిగినదైనా తర్వాతి సమావేశంలో ధృవీకరించాకే అధికారికమవుతుంది. అందుచేత తెరమీద కనబడవలసింది ఇప్పటి నీటిమట్టం కాదు, కిందటిసారి ధృవీకరించినది. ఈ సవరణకి వకుళ ఒక పగలంతా కూర్చుంది. నిజానికి దీంతో ఆటలో అసలు ట్యాంకు ఎలా ఉందో ఎవరికీ తెలిసే అవకాశం లేకుండా పోయింది. కానీ ఆ లెక్క ఎంత శుభ్రంగా కుదిరిందంటే, ఆమె రెండుసార్లు లేచివెళ్ళి దూరంనుంచి తెరని చూసుకుంది. కొత్త కర్టెన్లు కట్టినప్పుడు అలాగే చూసుకుంటుంది.

"ఆటలోంచి బయటికి రావడానికి ఏం నొక్కాలి మేడమ్?" అని విక్టర్ గారు అడిగారు.

"అది తీసేశారండీ. మధ్యలో నిష్క్రమణకి బైలాలో వీలు లేదుట."

ఆటలో ట్యాంకు ఒక్కసారి కూడా పొంగలేదు. ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. తెర ఎప్పుడూ ముప్పాతికే చూపించింది. ఇంత నికరమైన ఫలితం చూశాక నిజం మోటారుని మాత్రం మనుషుల ఇష్టానికి వదిలెయ్యడం ఎందుకన్నారు ప్రెసిడెంటు గారు. అసలు మోటారు మీట కూడా ఆ గదిలోనే, కంప్యూటరు బల్లకి ఎడంపక్క గోడమీద ఉంది. దానికి తాళం వెయ్యలేదు. 'తెర ఆమోదం లేనిదే తాకరాదు' అని ఒక కాగితం అంటించారు, అంతే. వకుళ దస్తూరీ బాగుంటుందని ఆమె చేతే రాయించారు. తలకట్లు ఒకే ఎత్తులో రావడానికి ఆమె స్కేలు పెట్టి మరీ రాసింది.

అయిదుగురూ సాయంత్రాలు ఖాళీగా ఉన్నంతకాలం అది బాగానే నడిచింది. ఊళ్ళోని అపార్ట్‌మెంటు సంఘాల సమాఖ్యకి కబురు చేరింది. వాళ్ళు వచ్చి చూశారు. అర్థం కాలేదు కాబట్టి గొప్పగా ఉందన్నారు. వార్షిక సభలో ఆట రూపకర్తకి సన్మానం చేస్తామన్నారు. ఆ సభ ఏర్పాట్ల హడావుడిలో చివరి రెండు సాయంత్రాలూ అయిదుగురూ ఒకచోట చేరనే లేదు.

తను చేసిన పనికి తనని పేరుపెట్టి వేదిక మీదికి పిలవడం వకుళకి జీవితంలో అదే మొదలు. వాళ్ళాయన ప్రమోషన్ సభలో ఆమె వేదిక ఎక్కింది కానీ, అక్కడ ఆమె పేరు 'శ్రీమతి'. అందుకని సభ రోజు పొద్దున్నే లేచి, పనులు తెముల్చుకుని, తెల్లవెంట్రుకలకి గోరింటాకు పెట్టుకుంది. మామూలు గోరింటాకు కాదు. ముందురోజే ఇనప మూకుట్లో టీ డికాషన్‌తో నానబెట్టినది. నెత్తంతా పట్టించి, పాలిథిన్ కవరు చుట్టి, పది గంటలకి కరెంటు పోతుందని పేపర్లో వచ్చింది కాబట్టి తొమ్మిదింటికే కడుక్కుందామని కుళాయి తిప్పింది.

కుళాయి ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంది.

కవరు తలతోనే వకుళ కిందికి దిగింది. ఆమె వెనకే అత్తగారు, చేతిలో ఖాళీ చెంబుతో. గదిలో ప్రెసిడెంటు గారు, విక్టర్ గారు, ఇందుమతి అప్పటికే ఉన్నారు. అందరి ఇళ్ళలోనూ అదే పరిస్థితి.

"తెర ప్రకారం నీటిమట్టం ముప్పాతిక" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కుళాయిలో రావడం లేదండీ" అంది ఇందుమతి.

"అది క్షేత్రస్థాయి సమాచారం. ఇంకా ధృవీకరణ కాలేదు."

"సంపు నిండా నీళ్ళున్నాయి. ఇప్పుడే మూత తీసి చూశాను" అన్నారు విక్టర్ గారు.

"అయితే ప్రతిపాదించండి."

విక్టర్ గారు ఒకటి నొక్కారు. ఇందుమతి బలపరిచింది. మీ ఆదేశం అందింది, ఆమోదం కోసం దయచేసి వేచి ఉండండి అంది తెర. నలుగురూ రహస్య సంఖ్యలు కొట్టారు. ఐదోది మిగిలింది.

"రామకోటి గారేరీ?"

రెండో అంతస్తు మెట్ల మీదినుంచి ఆయన భార్య తొంగిచూసింది. "ఆయన స్నానాల గదిలో ఉన్నారండీ. ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాక నీళ్ళు ఆగిపోయాయి. నీళ్ళు వస్తేగానీ బయటికి రానంటున్నారు."

"ఆయన వస్తేగానీ నీళ్ళు రావమ్మా."

"అదే చెప్పానండీ. కళ్ళు మండుతున్నాయంటున్నారు."

అప్పుడు రెండో అంతస్తు లోపలినుంచి, గచ్చుగోడల మధ్య మోగుతూ, రామకోటి గారి గొంతు వినబడింది. "నా నంబరు నాలుగు, ఏడు, ఏడు, ఒకటి."

విక్టర్ గారి వేలు కీబోర్డు మీదికి వెళ్ళింది.

"ఆగండి" అన్నారు ప్రెసిడెంటు గారు. "రహస్య సంఖ్యని ఆయన బహిరంగంగా ప్రకటించారు. బహిరంగమైన క్షణంలోనే అది చెల్లుబాటు కోల్పోయింది. కొత్తది జారీ చెయ్యాలి. ఏమ్మా, కొత్తది జారీ చెయ్యడానికి ఏం విధానం పెట్టారు?"

"అయిదుగురి ఆమోదం కావాలండీ" అంది వకుళ.

చెబుతున్నప్పుడు ఆమెకి సిగ్గేమీ అనిపించలేదు. పైగా, ఆ చిక్కు ఎంత పకడ్బందీగా బిగుసుకుందో చూసి లోపల ఒక మూల చిన్న గర్వం కూడా కలిగింది. ఆమె రాసినదానిలో ఎక్కడా సందు లేదు. గోరింటాకు చుక్క ఒకటి చెవి వెనకనుంచి మెడ మీదికి జారింది.

అత్తగారు చెంబు బల్లమీద పెట్టింది. "వకుళా, అదిగో మీట. నీ చెయ్యి అందేంత దూరంలో ఉంది. నొక్కు."

"తెర ఇంకా చెప్పలేదత్తయ్యా."

"తెరకి ఎవరు చెప్పారే అలా చెప్పొద్దని?"

"నేనే."

"మరింకేం. ఇప్పుడు వెయ్యమని చెప్పు."

"అలా కుదరదత్తయ్యా. ఒకసారి పద్ధతి తప్పితే ఇక ఆ ప్రోగ్రాముకి విలువేముంటుంది? సాయంత్రం సన్మానం దానికేగా."

"నీ నెత్తికి ఏముందో చూసుకున్నావా?"

"పోనీ నన్ను నొక్కమంటావా?" అంది ఇందుమతి మెల్లగా, గోడవైపు జరుగుతూ.

వకుళ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత చాలాకాలం ఆ ఒక్క పని గుర్తొచ్చినప్పుడల్లా ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కునేది. ఆపింది ప్రెసిడెంటు గారు కాదు. తనే. "ఇందూ, కాగితం మీద ఏం రాశానో చదవలేదా?" అని కూడా అంది.

రామకోటి గారిని దుప్పటి చుట్టి దింపుదామా, లేక స్నానాల గదినే సమావేశ స్థలంగా ప్రకటిద్దామా అనే చర్చ మొదలైంది. రెండోదానికి ముందస్తు నోటీసు కావాలన్నారు ప్రెసిడెంటు గారు. చర్చ మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. తెర ఆరిపోయింది. ఆకుపచ్చ ముప్పాతిక మాయమైంది.

"ఇప్పుడు మీట నొక్కినా ఉపయోగం లేదు" అంది ఇందుమతి.

"కాబట్టి ఇక పద్ధతి ఉల్లంఘన జరిగే ప్రమాదం లేదు" అని ప్రెసిడెంటు గారు నిశ్చింతగా లేచారు.

అత్తగారు చెంబు తీసుకుని, "నా కోడలు కంప్యూటరు చదివిందని పెళ్ళిలో అందరికీ చెప్పుకున్నాను" అని మాత్రం అని, లిఫ్టు లేదు కాబట్టి మెట్లెక్కింది.

ఇంట్లో మిగిలిన తాగే నీళ్ళు అత్తగారి మందులకీ మజ్జిగకీ సరిపోతాయి. వాటితో నెత్తి కడుక్కోవడానికి వకుళకి మనసొప్పలేదు. కరెంటు లేని వేడికి గోరింటాకు నెత్తిమీద ఎండి పెచ్చుకట్టింది. కవరు మీదినుంచి తువ్వాలు చుట్టి, దానిమీద పట్టుచీర కొంగు కప్పుకుని, ఆమె సాయంత్రం సభకి వెళ్ళింది. ఎంత వినయం, ఎంత సంప్రదాయం అని సమాఖ్య అధ్యక్షురాలు పక్కవాళ్ళతో అనడం వినబడింది. ముందు వరసలో రామకోటి గారున్నారు. తడిగుడ్డతో తుడుచుకుని వచ్చారు. చెవుల వెనక సబ్బు తెల్లగా ఆరిపోయి, ఫ్యాను గాలికి సువాసనలు వెదజల్లుతున్నారు.

ప్రెసిడెంటు గారు మైకు ముందుకి వచ్చారు. "ఈ విధానం అమల్లోకి వచ్చిన తర్వాత మా ట్యాంకు ఒక్క పర్యాయమైనా పొంగలేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

హాలంతా చప్పట్లు. అది నిజమే మరి.

వకుళ పేరు పిలిచారు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఇన్నాళ్ళూ తనకి లోలోపల కావలసిందేదో ఆ పిలుపులో ఉంది. ఆమె వేదిక ఎక్కింది. లైట్ల వేడికి కవరు కింద చెమట పట్టింది, చెమటకి గోరింటాకు కరిగింది. శాలువా కప్పుతుండగా ఒక ఎర్రటి ధార నుదుటి మీదినుంచి ముక్కు పక్కగా దిగింది. రెండు మాటలు చెప్పమన్నారు.

ఆమె చాలా మాటలు అనుకుని వచ్చింది. లూపు గురించి, అడగడం, మార్చడం, చూపించడం గురించి. చేత్తో నుదురు తుడుచుకుని, చేతికంటిన ఎరుపు చూసుకుంది.

"మొదట నేను రాసిన ఆట వేరండీ. అందులో నీళ్ళు ఎవరి కోసమూ ఆగవు. అందరూ ఓడిపోయేవారు" అంది. "అదే బాగుండేది."

దాన్ని వినయమనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

టిఫిన్ల దాకా ఆగకుండా వకుళ ఆటో ఎక్కింది. ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది, కరెంటు వచ్చేసింది. అపార్ట్‌మెంటు వాళ్ళంతా, అత్తగారు తప్ప, సభలోనే ఉన్నారు. అసోసియేషన్ గది తలుపు తీసింది. తెర తనంతట తనే లేచి, ఆమె రాసినట్టే, నీటిమట్టం ముప్పాతిక అంటోంది. గోడమీద ఆమె రాసిన కాగితం ఒక్క వంకరైనా లేకుండా ఉంది. ఆమె కాగితాన్ని చింపలేదు. చేసినదాన్ని పాడుచెయ్యడం ఆమెకి చేతకాదు. దానికి కాస్త పక్కగా చెయ్యి పెట్టి, మీట నొక్కింది.

సంపులోంచి నీళ్ళు గొట్టంలోకి ఎక్కుతున్న చప్పుడు వింటూ మెట్లెక్కింది. ఇంట్లోకి వెళ్ళి శాలువా మడిచి బీరువాలో పెట్టింది. పాత చీర మార్చుకుని, కుంకుడురసం గిన్నె తీసుకుంది. "ఎక్కడికే?" అంది అత్తగారు. "డాబా మీదికి" అంది.

ట్యాంకు పక్కన గట్టుమీద కూర్చుని, తువ్వాలూ కవరూ విప్పి పక్కన పెట్టుకుంది. మధ్యమధ్య తలెత్తి చూసింది. నిండుతోంది. లేచివెళ్ళి ఆపాలన్న ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని రానిచ్చి, పోనిచ్చింది. నీళ్ళు ఎవరి కోసమూ ఆగలేదు. ట్యాంకు అంచుదాకా వచ్చి, ఒక క్షణం ఉబ్బి, పక్కనున్న గొట్టంలోంచి ధారగా దూకాయి. వకుళ ఆ ధార కింద తల పెట్టింది. ఎర్రటి నీళ్ళు డాబా అంతా పరుచుకుని, మూలనున్న తూము వైపు పరుగెత్తాయి.

పక్క అపార్ట్‌మెంటు వరండాలోంచి ఆ వడియాల ఆవిడ గొంతు లేచింది. "ఏమండోయ్, మీ ట్యాంకు పొంగుతోంది. ఎవరూ లేరా అక్కడ?"

వకుళ రెండో విడత కుంకుడురసం నెత్తిన పోసుకుని, కళ్ళు మూసుకుంది.

"మీ ఆదేశం అందిందండీ" అంది. "ఆమోదం కోసం దయచేసి వేచి ఉండండి."

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు పైకి వస్తున్నారు.